రౌధా చంపేసిన పాస్‌వర్డ్

రౌధా కమ్మూన్ ఫోన్లో మాట్లాడదు, చదువుతుంది. స్ఫాక్స్ ప్రాంతంలోని ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు చూసే మేష్టార్లలో చాలామందికి ఆమె మొహం తెలియదు గాని గొంతు మాత్రం బాగా తెలుసు. బడి పేరు అడుగుతుంది, మెషీన్ నంబరు అడుగుతుంది, తెర మీద వెతికి పాస్‌వర్డును ఒక్కొక్క అక్షరంగా వదులుతుంది. అవతలివాడు తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పాక "చంపేశాను" అని ఫోన్ పెట్టేస్తుంది. బాగున్నారా, పిల్లలెలా ఉన్నారు వంటివి ఆమె దగ్గర దొరకవు. పక్క బల్ల జలీలా ఆమెకు కసాయి అని పేరు పెట్టింది. పెట్టిన పేరు బాగానే అతికింది, రౌధాకు కూడా అది పెద్ద తప్పుగా తోచలేదు.

ఆ కరకుదనానికి కారణముంది. బడి కంప్యూటరులో ఏదైనా మార్చాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఒకప్పుడు ప్రాంతం మొత్తానికీ అదొక్కటే. ఆ ఒక్క మాట తెలియని కుర్రవాడు స్ఫాక్స్‌లో ఉండేవాడు కాదు. ఒక బడిలో బల్ల మీద కంపాసు ముల్లుతో చెక్కి ఉండగా రౌధా కళ్ళారా చూసింది. ఎవరో ఆ దారినే దూరి మార్కులు దిద్దుకున్న ఏడాది రౌధా పనిచేసే విద్యాశాఖ కార్యాలయంలో సగం మందికి బదిలీలయ్యాయి. ఆ తర్వాత కొత్త పద్ధతి వచ్చింది. ఇప్పుడు ప్రతి మెషీనూ తన పాస్‌వర్డ్ తానే పుట్టించుకుని, ఒక ప్రతిని కార్యాలయం సర్వరులో దాచుకుంటుంది, నెలకోసారి మార్చుకుంటుంది. ఆ దాచినవి చూసే హక్కు ప్రాంతంలో రౌధా ఒక్కతెకే ఇచ్చారు. ఒకరికి చెప్పిన పాస్‌వర్డ్ ఇక ఎంగిలి అని ఆమె లెక్క. అందుకే చెప్పిన వెంటనే దాని గడువు తీరిపోయిందని నొక్కేస్తుంది. ఆ కబురు నెట్‌వర్క్ మీద మెషీనుకు చేరగానే అది పాతది వదిలేసి కొత్తది పుట్టించుకుంటుంది. ఇదే చంపడం.

మే నెల, బడి చదువు ముగింపు పరీక్ష బ్యాక్‌లో ప్రయోగ పరీక్షల వారం. పొద్దుటి నుంచే ఎడారి మీది షెహిలి వడగాలి వీస్తోంది. కిటికీలన్నీ బిగించినా బల్లల మీద సన్నని ఇసుక పేరుకుంటోంది. జలీలా ఫ్రికాసే రొట్టె తింటూ హరీసా కారం ఎక్కువైందని అమ్మినవాణ్ణి తిట్టిపోస్తుండగా ఫోన్ మోగింది.

"అక్కా, నేను నౌఫల్ని. కెర్కెన్నా, రెమ్లా బడి. తొమ్మిదో నంబరు మెషీన్ పాస్‌వర్డ్ కావాలి. కాస్త తొందరగా."

"తొందరైతే దీవిలో ఉద్యోగమెందుకు చేస్తున్నావయ్యా? నంబరు మళ్ళీ చెప్పు."

మామూలుగా అయితే ఈ మాటకు నౌఫల్ స్ఫాక్స్ వాళ్ళ పిసినారితనం మీద ఏదో ఒకటి అంటించేవాడు. ఈసారి అనలేదు. నంబరు మాత్రం చెప్పాడు. రౌధా చదివింది, అతను అప్పజెప్పాడు. ఆమె చెయ్యి అలవాటుగా వెళ్ళి గడువు తీర్చే బొత్తాం నొక్కేసింది. ఫోన్ పెట్టబోతుంటే అవతల నుంచి వినిపించింది.

"తీసుకోవట్లేదక్కా."

"తప్పు కొట్టుంటావు."

"లేదు. చూసే కొట్టాను."

అంతలో అతని చేతిలోంచి ఎవరో ఫోన్ లాక్కున్న చప్పుడైంది. గొంతు మారింది. "మేడమ్, నేను హాఫెద్. ఈ కేంద్రానికి పరీక్షాధికారిని. నాకు చదవండి, నేనే కొడతాను. ఇతను కంగారు పడుతున్నాడు."

రౌధా మళ్ళీ చదివింది. ఆయన ఒక్కో అక్షరాన్నీ పైకి చెప్పుకుంటూ కొట్టాడు. "తప్పంటోంది," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది రౌధాకు. మూడుసార్లు తప్పు కొడితే ఆ అడ్మిన్ ఖాతా బిగుసుకుపోయి ఇక తెరుచుకోదు. ఆ నిబంధన పెట్టింది తానే. కుర్రాళ్ళు ఊహించి కొట్టకుండా ఉండాలని అన్ని బడుల మెషీన్లకూ పెట్టింది. రెండు అయిపోయాయి. ఒక్కటే మిగిలింది.

"ఎవరూ ఏమీ ముట్టుకోకండి," అంది. "స్పీకర్ పెట్టండి. అసలేం జరిగిందో చెప్పండి."

జరిగింది నౌఫల్ చెప్పాడు. మొదటి జట్టు పరీక్ష రాస్తోంది. తొమ్మిదో మెషీన్ దగ్గర మొల్కా అనే అమ్మాయి. ల్యాబు మొత్తంలో ఆ పిల్లంత బాగా ప్రోగ్రాములు రాసేవాళ్ళు లేరు. సగం పైగా రాశాక కడుపులో తిప్పుతోందంటే ఒక టీచరమ్మ వెంట బయటికి పంపారు. కాపలాకు వేరే బడి నుంచి వచ్చిన మేష్టారు, పక్కవాడు ఆమె తెర చూసి రాసేస్తాడేమోనని, మంచికే అనుకుని తెరకు లాక్ వేశాడు. పరీక్ష ఖాతా పైనుంచి వచ్చిన డిస్కుతో పెట్టింది. మెషీన్ వెలిగించగానే దానంతటదే తెరుచుకుంటుంది, దాని పాస్‌వర్డ్ గదిలో ఒక్కరికీ తెలియదు. ఆ మేష్టారు కంగారులో తోచినవన్నీ కొట్టాడు. పరీక్ష ఖాతా బిగుసుకుంది. ఇక అడ్మిన్‌గా లోపలికి వెళ్ళి దాన్ని విప్పడం ఒక్కటే దారి.

"రాసింది సేవ్ చేసిందా?" అని అడిగింది రౌధా.

"కొంత చేసిందట. చివరి భాగం చేయలేదట."

"ఆ సేవ్ చేసినదైనా ఉంటుందిగా. రీస్టార్ట్ చేస్తే పరీక్ష ఖాతా మళ్ళీ తెరుచుకుంటుంది."

నౌఫల్ వెంటనే అందుకున్నాడు. "వద్దక్కా. రీస్టార్ట్ మాత్రం చేయకూడదు."

"ఎందుకని?"

హాఫెద్ గారే మాట్లాడాడు. "మేడమ్, రెండో జట్టును పక్కగదిలో తలుపేసి కూర్చోబెట్టాం. ప్రశ్నలు బయటికి పొక్కకూడదు గనక వాళ్ళను వదల్లేను. పావుగంట చూస్తాను. తెరుచుకోకపోతే ఆ అమ్మాయి పేరు ఎదురుగా సున్నా వేసి మెషీన్ ఆపేయిస్తాను. నాకేం సరదా కాదు. కానీ నిబంధన అదే."

బ్యాక్‌లో కంప్యూటర్ విభాగం పిల్లకు ఈ ప్రయోగ పరీక్షలో సున్నా వస్తే ఆ ఏడాది పోయినట్టే. జలీలా తినడం మానేసి తన కుర్చీని రౌధా బల్ల దగ్గరికి లాక్కుంది.

"కేబుల్ పెట్టండి," అంది రౌధా. "గడువు తీర్చేశాను గనక నెట్‌వర్క్ తగలగానే అది కొత్త పాస్‌వర్డ్ పుట్టించుకుంటుంది. ఇక్కడ నాకు కనిపిస్తుంది, చదువుతాను."

"కేబుల్ పెట్టరు," అన్నాడు హాఫెద్ గారు. ఆ గొంతులో కోపం లేదు గాని కదలిక కూడా లేదు. "పరీక్షకు ముందు ఈ గదిలోని కేబుళ్ళన్నీ నా కళ్ళెదుట పీకించి సీలు వేశాను. మధ్యలో ఒక్కటి పెట్టినా గది మొత్తం పరీక్ష రద్దు. ఒక పిల్ల కోసం మిగతా అందరినీ ముంచమంటారా?"

ఆయన చెప్పింది నిజమే. కాపీలు కొట్టకుండా ప్రయోగ పరీక్షనాడు దేశమంతా కేబుళ్ళు పీకేస్తారు. మెషీన్లను అవి లేకుండానే వెలిగిస్తారు. రౌధా తెర వంక చూసింది. తెర మీది పాస్‌వర్డ్ పోయిన నెలాఖరున పుట్టింది. కేబుల్ లేనప్పుడు మెషీన్ దాన్ని మార్చుకునే వీలే లేదు. మరి ఎందుకు పట్టడం లేదు? మెషీన్ ఒక పాస్‌వర్డ్ చెప్పి మరొకటి పెట్టుకోదు. దానికి అబద్ధాలాడటం రాదు. మనుషులకైతే వచ్చు.

"నౌఫల్," అంది. "ఆ మెషీన్ని ఏం చేశావు?"

"నేనేం చేస్తానక్కా."

"రీస్టార్ట్ చేస్తే ఏం పోతుందో నీకు తెలుసు. ఎలా తెలుసు?"

గదిలో మిగతా పిల్లలు కీబోర్డుల మీద టకటకమని కొడుతున్న చప్పుడు స్పీకర్లోంచి వస్తోంది. పాపం, వాళ్ళ పని వాళ్ళది. నౌఫల్ ఏవో పొడి మాటలు గొణిగాడు. రౌధాకు ఒళ్ళు మండింది. ఒక్క నిజం చెప్పడానికి ఇంత నసగడమేమిటి, అవతల పిల్ల కొంప మునిగిపోతుంటే. కానీ తిడితే వాడు ఇంకా ముడుచుకుపోతాడు. పళ్ళ బిగువున ఊరుకుంది.

"ఆయన పక్కనే ఉన్నాడనా?" అని అడిగింది చివరికి, గొంతు తగ్గించి.

"స్పీకర్లో ఉన్నావక్కా. తగ్గించినా వినపడుతుంది." నౌఫల్ నిట్టూర్చాడు. "సరే. ఐస్‌లో పెట్టాను. అన్ని మెషీన్లనీ."

హాఫెద్ గారు అడిగాడు. "ఐస్ ఏమిటి?"

"ఒక ప్రోగ్రాం ఉంటుంది సార్. మెషీన్ ఒక రోజు ఎలా ఉందో అలా గడ్డకట్టించేస్తుంది. ఆ తర్వాత పిల్లలు ఏం పాడుచేసినా, ఏం దాచినా, రీస్టార్ట్ చేయగానే తుడిచేసి ఆ రోజుకే తిరిగి వెళ్ళిపోతుంది. పరీక్ష ముందు విప్పుదామనుకున్నాను. డిస్కు ఆలస్యంగా వచ్చింది. పరీక్ష ఖాతా కోసం ఒక్క పూట విప్పి, పెట్టి, మళ్ళీ మూసేశాను. విప్పి ఉంచితే నిన్న ఎవరైనా కెలికేస్తారని భయం."

"అనుమతి ఉందా?"

"లేదు."

"పరీక్ష మెషీన్లను అనుమతి లేకుండా మార్చినవాడికి ల్యాబ్ తాళాలు ఉండవు. ఆ సంగతి తెలుసుగా?"

"తెలుసు సార్."

ఆ ల్యాబ్ ఎలా లేచిందో రౌధాకు తెలుసు. ఇక్కడి బడులు పారేసిన మెషీన్లను నౌఫల్ దీవికి వెళ్ళే లూద్ ఓడ మీద విడతలు విడతలుగా దాటించుకుని, రెండు పాడైనవి కలిపి ఒక మంచిది చేసుకున్నాడు. సెలవుల్లో కూడా ఆ గదిలోనే పడుంటాడని వాళ్ళావిడ ఒకసారి ఫోన్ చేసి రౌధాతోనే మొరపెట్టుకుంది. ఇప్పుడు ఒక్క మాటతో ఆ తాళాలు తీసి బల్ల మీద పెట్టేసినంత పని చేశాడు.

"నువ్వైనా నాకు చెప్పాల్సిందిగా," అంది. కోపంగానే అందామనుకుంది గాని అంత కోపం రాలేదు.

"నువ్వు అడిగావా అక్కా?" నౌఫల్ గొంతు మొదటిసారి పదునెక్కింది. "ఐస్‌లో పెట్టడానికి పాస్‌వర్డ్ నీ దగ్గరే తీసుకున్నాను. అన్ని మెషీన్లకీ వరసగా చదివావు. ఇన్ని ఒక్కసారిగా ఎందుకురా అని ఒక్క మాట అడిగావా? చదివావు, చంపావు, పెట్టేశావు. అడిగుంటే చెప్పేవాణ్ణి."

జలీలా రౌధా మొహంలోకి చూసి వెంటనే చూపు తిప్పేసుకుంది. ఆ మాట రౌధాకు తగలాల్సిన చోటే తగిలింది.

"సరే. అలాగైతే మెషీన్లో ఉన్నది ఐస్‌లో పెట్టిన నాటి పాస్‌వర్డ్. పొద్దున వెలిగించినప్పుడు ఆ రోజుకే తిరిగి వెళ్ళింది. కేబుల్ లేదు గనక తర్వాత వచ్చినవేవీ దానికి తెలియవు. ఎప్పుడు పెట్టావు?"

"వసంతం సెలవుల్లో. మొన్న ఖాతా కోసం విప్పినప్పుడు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఆ ప్రోగ్రాంకి దాని సంకేతం దానికుంది. అప్పుడు కూడా కేబుళ్ళు పెట్టలేదు."

సర్వర్ పాతవాటిని వెంటనే పారేయదు. కొన్ని వెనక దాచి ఉంచుతుంది. కొత్తది ఒకటి చేరినప్పుడల్లా అట్టడుగుది రాలిపోతుంది. రౌధా తొమ్మిదో నంబరు పాతవన్నీ తెరిచింది. వసంతం సెలవుల దగ్గర రెండున్నాయి. ఒకటి ఆమె నౌఫల్‌కు ఫోన్లో చదివినది. రెండోది ఆమె దాన్ని చంపాక మెషీన్ పుట్టించుకున్నది. చదివినది అట్టడుగున ఉంది. ఇందాక హాఫెద్ గారు కేబుల్ పెట్టనిచ్చి ఉంటే అది ఈపాటికి రాలిపోయేది.

ఒక్క ప్రయత్నానికి రెండు పాస్‌వర్డులు.

"మీకు ఇంకో ఐదు నిమిషాలు," అన్నాడు హాఫెద్ గారు. "ఆ అమ్మాయి తిరిగొచ్చింది. గుమ్మం బయట నిలబెట్టాను."

"ఆ పిల్లకి చెప్పారా?"

"ఏం చెప్పను? మెషీన్ సరిచేస్తున్నాం అన్నాను."

రౌధా కణతలు నొక్కుకుంది. తన అలవాటు తనకు తెలుసు. ఫోన్ పెట్టకముందే చంపేస్తుంది. ఐస్‌లో పెట్టాలంటే మధ్యలో ఒకసారి రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ అయితే కబురు అందుతుంది, పాస్‌వర్డ్ మారుతుంది, ఆ మారినదే గడ్డకడుతుంది. అంటే రెండోది. ఆమె బుర్ర రెండోదే అంటోంది. జలీలా కూడా రెండో దాని మీద వేలు పెట్టి తలాడించింది. రౌధా నోరు తెరిచి మొదటి అక్షరం చెప్పబోయి ఆగింది.

ఇన్నేళ్ళూ తాను చంపానన్న వెంటనే చచ్చిపోయిందనుకుంటూ వచ్చింది. కబురు అందిందా లేదా అని ఎన్నడూ చూసుకోలేదు.

"నౌఫల్, తొమ్మిదో నంబరు ఏ వరసలో ఉంది?"

"చివరి వరసక్కా. గోడ పక్కన."

"ఆ రోజు దానికి కేబుల్ ఉందా?"

"ఉండే ఉంటుంది. పీకలేదు నేను."

"ఉండే ఉంటుంది కాదు. గుర్తు తెచ్చుకో."

"అక్కా, అప్పటికి ఇంటి నుంచి ఒకటే ఫోన్లు. మా అన్న, సముద్రంలో చేపలకు కట్టిన వలదడి దగ్గరికి రమ్మని, ఆక్టోపస్‌లు పడ్డాయని. చివరి వరస గబగబా కానిచ్చేశాను. కేబుళ్ళన్నీ ఉన్నాయి. నాకు బాగా తెలుసు."

"వెలుగుతున్నాయా?"

"ఏవి?"

"కేబుల్ గుచ్చిన చోట చిన్న దీపం. వెలుగుతోందా?"

నౌఫల్ ఊపిరి పీల్చడం వినిపించింది. అతనింకా ఆలోచిస్తుండగానే రౌధా తెర మీద తేదీలు చూస్తోంది. గడువు తీర్చమని తాను నొక్కింది సెలవుల మధ్యలో. కొత్తది పుట్టింది మాత్రం సెలవులయ్యాక, బడులు తెరిచిన వారం. మధ్యలో ఆ మెషీన్ ఏమీ వినలేదు. తాను చంపేశాననుకున్న పాస్‌వర్డ్ అన్ని రోజులూ బతికే ఉంది. అలాగే ఐస్‌లోకి వెళ్ళింది.

"అక్కా," అన్నాడు నౌఫల్ నెమ్మదిగా. "చివరి వరస కేబుళ్ళన్నీ కలిసే స్విచ్ పెట్టె కాలిపోయింది అప్పుడు. కొత్తది కావాలని నిన్నే అడిగాను. నువ్వు సెలవులయ్యాక పంపావు. మిగతా మెషీన్లకి కబురు అంది ఉంటుంది. ఆ వరసకి అందదు."

"అందలేదు," అంది రౌధా. "నీకు ఫోన్లో చదివిందే ఉంది దాంట్లో. మొదటిది. కాగితం తీసుకో. రాసుకుని, నాకు అప్పజెప్పి, అప్పుడు కొట్టు."

"నేను కొట్టనా?" అని అడిగాడు నౌఫల్. ఆ ప్రశ్న ఆమెకు కాదు.

హాఫెద్ గారు మెషీన్ ముందు నుంచి పక్కకు జరిగిన చప్పుడైంది. "కొట్టండి. మీ మెషీనేగా," అన్నాడు.

రౌధా చదివింది. ఎప్పటిలా కాకుండా నెమ్మదిగా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతూ చదివింది. నౌఫల్ రాసుకున్నాడు, అప్పజెప్పాడు. ఇంకోసారి అప్పజెప్పమంది. చేశాడు. తర్వాత కీబోర్డు చప్పుళ్ళు ఒక్కటొక్కటిగా వినిపించాయి. చివరి మీట కొట్టాక ఏ చప్పుడూ లేదు. జలీలా రౌధా మణికట్టు గట్టిగా పట్టుకుంది, గోళ్ళు దిగబడేలా. ఏదో కుర్చీ కదిలింది. ఎవరో దగ్గారు.

"తెరుచుకుంది," అన్నాడు నౌఫల్. "తెరుచుకుందక్కా."

రౌధా కుర్చీలో ముందుకు వంగింది. "పరీక్ష ఖాతాని విప్పు. దానికి కొత్త పాస్‌వర్డ్ పెట్టు. ఇంకేదీ ముట్టుకోకు. ఆయన చూస్తుండగానే చెయ్యి," అంది. అతను చేస్తున్న ఒక్కో పనినీ పైకి చెబుతున్నాడు. హాఫెద్ గారు ఊఁ కొడుతున్నాడు. కొద్దిసేపటికి మొల్కా తెర ఎలా వదిలి వెళ్ళిందో అలాగే కనిపించింది, సేవ్ చేయని చివరి భాగంతో సహా.

హాఫెద్ గారు ఆ పిల్లకు పోయిన సమయం పోయినట్టే తిరిగి ఇస్తానన్నాడు. రెండో జట్టుకు నీళ్ళు పంపమన్నాడు. నిబంధన అంటే ప్రాణమిచ్చే మనిషే గాని రాయి మాత్రం కాదు. కుర్చీ లాగిన చప్పుడు, తర్వాత కీబోర్డు మీద వేళ్ళ పరుగు. రౌధా ఫోన్ పెట్టేయలేదు. పెట్టాలని తోచలేదు కూడా. ఆ పిల్ల ఎక్కడైనా ఆగితే తన ఊపిరి కూడా ఆగుతోంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ ఆడుతోంది. ఎన్నడూ చూడని పిల్ల కోసం అంత ఆరాటం ఏమిటని తనమీద తనకే విసుగొచ్చింది. అయినా వింటూనే ఉంది.

మొల్కా రాయడం ముగించింది. ఆమె ఫైళ్ళను అందరి ఎదుట కాపీ చేసుకుని సంతకాలు పెట్టించుకున్నారు. లేచి వెళ్తూ ఆ పిల్ల నౌఫల్‌తో అన్న మాట ఫోన్లో స్పష్టంగా వినిపించింది.

"సార్, పరీక్ష రోజైనా మెషీన్లు సరిగ్గా చూసుకోవచ్చు కదా. గుమ్మం దగ్గర నిలబడి నిలబడి నాకు సగం మర్చిపోయినట్టయింది."

"అవునమ్మా. నాదే తప్పు," అన్నాడు నౌఫల్. "చివరిది రాశావా?"

"రాశాను. వచ్చింది."

"అయితే వెళ్ళి ఏదైనా తిను. మొహం పాలిపోయింది."

అడుగుల చప్పుడు దూరమైంది. జలీలా ముక్కు చీదుకుని, హరీసా ఘాటని సర్దిచెప్పుకుంది. రౌధాకు నవ్వు రాలేదు. అవతల కాగితాలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇక నివేదిక రాయాలి," అన్నాడు హాఫెద్ గారు. ఆయన గొంతు ఇందాకటి కంటే మెత్తగా ఉంది. కానీ రాయడం మానేవాడిలా లేడు. "జరిగింది జరిగినట్టు రాస్తాను. మీరు దాచకుండా చెప్పారని కూడా రాస్తాను. దానివల్ల ఏమైనా ఒరుగుతుందో లేదో నాకు తెలియదు. మీ పూర్తి పేరు చెప్పండి."

నౌఫల్ తన పేరు, తండ్రి పేరు, ఉద్యోగంలో చేరిన ఏడాది వరసగా చెప్పాడు.

"హాఫెద్ గారూ," అంది రౌధా, "నా పేరు కూడా రాయండి. రౌధా కమ్మూన్. పాస్‌వర్డులన్నీ ఇచ్చింది నేను. ఎందుకో అడగంది నేను. మూడుసార్ల నిబంధన కూడా నాదే. స్విచ్ పెట్టె ఆలస్యం చేసింది కూడా నేనే."

కలం గీస్తున్న చప్పుడు ఆగింది.

"మీరు ఈ గదిలో లేరు కదా మేడమ్," అన్నాడు హాఫెద్ గారు. "ఇందులో గదిలో ఉన్నవాళ్ళకే చోటుంది."

తర్వాత ల్యాబ్ తాళాలు ఇటివ్వండి అని ఆయన అనడం, నౌఫల్ జేబులోంచి తాళాలగుత్తి తీయడం వినిపించింది. రెండో జట్టును లోపలికి పిలిచారు. ఫోన్ ఎవరు పెట్టేశారో గాని, ఆ రోజు పెట్టింది మాత్రం రౌధా కాదు.